ఎవరూ అడగని ఊళ్ళు: చీవర్, లాహిరి, అప్‌డైక్ కథల దారిలో

సోమవారం, స్కార్‌బరో

న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో హడ్సన్ లైన్ రైలెక్కేవాళ్ళు ఎడమవైపు కిటికీ చూసుకుని కూర్చోవాలి. మన్‌హట్టన్ దాటిన కాసేపటికి హడ్సన్ నది పట్టాల పక్కకు వచ్చి చేరుతుంది. అవతలి ఒడ్డున పాలిసేడ్స్ అనే నిటారు రాతి గోడలు. సెప్టెంబర్ ఆఖరు కావడంతో చెట్ల కొసల్లో అక్కడక్కడ ఎరుపు మొదలైంది.

నేను వరంగల్‌లో డిగ్రీ పిల్లలకు ఇంగ్లిష్ చెప్పి రిటైరయ్యాను. అమెరికన్ రచయిత జాన్ చీవర్ కథ చెప్పిన ప్రతి ఏడాదీ క్లాసులో ఒకే ప్రశ్న వచ్చేది: "ఇల్లుంది, కారుంది, తోటుంది, మంచి ఉద్యోగముంది. వీళ్ళకింకేం బాధ మేడం?" రెండు గదుల అద్దె ఇంట్లో ఆరుగురు సర్దుకుని బతికే పిల్లలు నిజంగా తెలుసుకోవాలని అడిగిన ప్రశ్న అది. సిలబస్‌కు సరిపోయే జవాబులు చాలా ఉన్నాయి. ఆ ప్రశ్న వాటికంటే పెద్దది. న్యూజెర్సీ ఎడిసన్‌లో తమ్ముడింటికి వచ్చిన ఈ నెలల్లో, ఆ కథలు పుట్టిన ఊళ్ళు తిరుగుతూ ఆ ప్రశ్న పక్కన పెట్టుకుని వాటిని మళ్ళీ చదవాలనుకున్నాను.

రైల్లో చదవడానికి సరైన కథ చీవర్ 1954లో రాసిన "ది ఫైవ్ ఫార్టీ ఎయిట్". సాయంత్రం 5:48 లోకల్‌లో బ్లేక్ అనే ఆఫీసరు షేడీ హిల్‌లోని ఇంటికి పోతుంటాడు. షేడీ హిల్ చీవర్ కల్పించిన ఊరు. తన దగ్గర పనిచేసిన సెక్రటరీతో ఒక రాత్రి గడిపి, ఆ తర్వాత తాను ఆఫీసులో లేని రోజు చూసి ఆమెను ఉద్యోగంలోంచి తీయించేశాడు. ఆమె వచ్చి పక్క సీట్లో కూర్చుంటుంది. హ్యాండ్‌బ్యాగ్‌లో పిస్తోలు ఉంది. అదే పెట్టెలో బ్లేక్‌కు ఇద్దరు ఇరుగుపొరుగు వాళ్ళున్నారు. ఒకామె బ్లేక్ భార్యకు స్నేహితురాలు, ఆమెకు వాళ్ళింట్లో గొడవ సంగతి తెలుసు. ఇంకొకాయన కొడుకు బ్లేక్ కొడుకుతో ఆడుకునేవాడు, బ్లేక్ ఆ స్నేహం తెంపేశాడు. ఆపద వచ్చినప్పుడు పిలవడానికి మనుషులు పక్కనే ఉన్నారు. పిలిచే వీలు మాత్రం అతను ముందే పోగొట్టుకున్నాడు. పిస్తోలు కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది ఆ రెండు సీట్లే.

స్కార్‌బరో చిన్న స్టేషన్. ప్లాట్‌ఫాం నదిని ఆనుకునే ఉంది. అక్కడినుంచి ఎత్తుగా రోడ్డెక్కితే బీచ్‌వుడ్ ఎస్టేట్ వస్తుంది. ఫ్రాంక్ వాండర్‌లిప్ అనే బ్యాంకరుది ఒకప్పుడు. ఇప్పుడు అందులో కాండోమినియంలు. 1951లో చీవర్ భార్యాపిల్లలతో మన్‌హట్టన్ ఫ్లాట్ వదిలి, ఈ ఎస్టేట్ అంచున ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. వింత ఏమిటంటే, అదే ఇంట్లో అతనికంటే ముందు రిచర్డ్ యేట్స్ ఉన్నాడు. సబర్బ్, అంటే నగరం శివారు కాలనీల జీవితం మీద అంత నిక్కచ్చిగా రాసిన ఇద్దరు రచయితలకు ఒకే కప్పు.

మన్‌హట్టన్ రోజుల్లో చీవర్ రోజూ పొద్దున్నే సూటు వేసుకుని, ఆఫీసులకు వెళ్ళే మిగతా మగవాళ్ళతో లిఫ్టెక్కేవాడట. వాళ్ళు కింద లాబీలో దిగితే అతను బేస్‌మెంట్ దాకా పోయి, అక్కడ ఒక స్టోర్ రూంలో సూటు విప్పి తగిలించి, లోదుస్తుల్లో కూర్చుని రాసేవాడు. మధ్యాహ్నం మళ్ళీ సూటు వేసుకుని పైకి. చీవర్ గురించి రాసేవాళ్ళందరూ చెప్పే సంగతే అయినా, బీచ్‌వుడ్ గోడ పక్కన నిలబడ్డప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది అదే. అందరిలాగే కనిపించాలన్న అవసరం ఎంత బలమైనదో అతను తన ఒంటి మీదే అనుభవించాడు. సొంత ఇల్లు కాని ఎస్టేట్‌లో, పెద్ద ఇళ్ళ పార్టీలకు వెళుతూ, వాళ్ళ గురించే రాశాడు. వాళ్ళను ప్రేమించాడు కూడా. ఆ ప్రేమ లేకపోతే ఆ కథలు ఇన్నేళ్ళు నిలిచేవి కావు.

రాత్రి టారీటౌన్‌లో బస. గదిలో "ది కంట్రీ హస్బెండ్" చదివాను, అదీ 1954దే. ఫ్రాన్సిస్ వీడ్ ఎక్కిన విమానం ఫిలడెల్ఫియా దగ్గర పొలంలో పడిపోతుంది. ప్రాణాలతో బయటపడి, మామూలు వేళకే ఇంటికి చేరతాడు. పిల్లలు కొట్టుకుంటుంటారు, భార్య భోజనాల బల్ల మీద కొవ్వొత్తులు వెలిగిస్తుంటుంది. విమానం కూలిందని చెబుతాడు. ఆ మాట ఎవరి చెవినా ఆగదు. ఆ వారంలోనే ఒక పార్టీలో గ్లాసులు అందిస్తున్న పనిమనిషిని గుర్తుపడతాడు. యుద్ధం చివర్లో నార్మండీలో, జర్మన్ అధికారితో ఉందని ఊరంతా కలిసి గుండు గీసి, బట్టలూడదీసి నిలబెట్టిన ఆడమనిషి ఆమె. అతను ఆ సంగతి భార్యకు కూడా చెప్పలేడు. ఆ గదిలో అందరూ గతం అంటూ లేనట్టు, యుద్ధం జరగనట్టు కూర్చున్నారు. చెబితే మర్యాద తప్పినట్టు అవుతుంది.

నా విద్యార్థుల ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరుకుతోందనిపించింది. మా వాడలో ఎవరింట్లోనైనా గట్టిగా ఏడుపు వినిపిస్తే పది మంది గుమ్మంలో ఉంటారు. అందులో ఆరాలు తీసేవాళ్ళూ ఉంటారు, సాయం చేసేవాళ్ళూ ఉంటారు. షేడీ హిల్‌లో అడగకపోవడమే మర్యాద.

మంగళవారం, ఆసినింగ్

స్కార్‌బరో దాటి ఆసినింగ్ చేరేలోపు రైలు సింగ్ సింగ్ జైలు ఆవరణ మధ్యలోంచి వెళుతుంది. రెండు పక్కలా గోడలు, కాపలా బురుజులు. 1820ల్లో ఖైదీల చేతే ఇక్కడి రాయి తవ్వించి కట్టించిన జైలు ఇది. ఊరి పేరు కూడా మొదట సింగ్ సింగే. జైలు పేరుతో తమ సరుకు, తమ ఊరు కలిసిపోతున్నాయని ఇబ్బందిపడి 1901లో ఆసినింగ్ అని మార్చుకున్నారు. సూట్‌కేసులు పట్టుకుని ఇళ్ళకు వెళ్ళేవాళ్ళు రోజుకు రెండుసార్లు ఈ గోడల మధ్యలోంచే పోవాలి.

చీవర్ 1961లో ఈ ఊళ్ళో పాత రాతి గోడల ఇల్లు కొన్నాడు. 1982లో అందులోనే పోయాడు. ఆ ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్ళుంటారు, అందుకే అటు వెళ్ళలేదు. పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని "ది స్విమ్మర్" మళ్ళీ చదివాను. 1964 జూలైలో న్యూయార్కర్ పత్రికలో వచ్చిన కథ. నవలకు సరిపడే నోట్సు రాసుకుని, చివరికి దాన్ని పది పన్నెండు పేజీల కథగా కుదించాడు. ఆ బిగువు ప్రతి పేరాలో తెలుస్తుంది.

కథ చదవనివాళ్ళ కోసం: ఎండాకాలం ఆదివారం, ముందు రోజు రాత్రి తాగిన మత్తుతో అందరూ ఒక స్విమ్మింగ్ పూల్ చుట్టూ చేరి ఉంటారు. నెడ్డీ మెరిల్‌కు ఒక ఆలోచన వస్తుంది. ఇక్కడినుంచి తన ఇల్లు ఎనిమిది మైళ్ళు. దారిలో వరసగా తెలిసినవాళ్ళ పూల్స్ ఉన్నాయి. అవన్నీ కలిపితే ఒక నది. దానికి భార్య పేరు పెట్టి, ఈదుకుంటూ ఇంటికి బయలుదేరతాడు. మొదటి ఇళ్ళలో ముద్దులు, డ్రింకులు. తర్వాత వాన, చలి. ఒక పూల్‌లో నీళ్ళుండవు. నిన్నటిదాకా తన పిలుపు కోసం ఎదురుచూసినవాళ్ళు అతన్ని పిలవని పేరంటానికి వచ్చినవాడిగా చూస్తారు. ఆకాశంలో శరత్కాలపు చుక్కలు. ఇంటికి చేరేసరికి తలుపులకు తాళాలు, లోపల ఎవరూ లేరు, సామాన్లు లేవు. ఒక మధ్యాహ్నంలో ఎన్ని ఏళ్ళు గడిచాయో కథ చెప్పదు.

లైబ్రరీ నుంచి ఓల్డ్ క్రోటన్ అక్విడక్ట్ మీద నడక మొదలుపెట్టాను. 1837లో పని ప్రారంభించి 1842లో నీళ్ళు వదిలారు. క్రోటన్ నది నీటిని పంపులు లేకుండా వాలు మీదే 41 మైళ్ళు న్యూయార్క్‌కు తెచ్చిన ఇటుక సొరంగం. ఇప్పుడు దాని నెత్తిన కాలిబాట. చీవర్ కుక్కలతో తరచూ నడిచిన దారి. ఒక పక్క ఇళ్ళ పెరళ్ళు, ఇంకో పక్క లోయ. నెడ్డీ ఊహించుకున్న నది ఇళ్ళ వెనకాల ఉంటే, ఇక్కడ నిజంగానే ఇళ్ళ వెనకాల భూమి కింద ఒక నది దారి ఉంది. ఇది రోజూ చూసినవాడికి ఆ ఊహ రావడంలో ఆశ్చర్యం లేదనుకున్నాను. ఇది నా ఊహే. చీవర్ ఎక్కడా చెప్పినట్టు నేను చదవలేదు.

బాట పక్కన పెరళ్ళలో పూల్స్ చూశాను. సెప్టెంబర్ మొదటి సోమవారం లేబర్ డే అయిపోగానే చాలామంది మూసేస్తారు. నీలిరంగు గుడ్డ లాగి కట్టేసి, అంచుల్లో బరువులు పెట్టి. ఒక్కదాంట్లో కూడా మనిషి లేడు. ఒక ఇంటి వెనక కంచె దగ్గర నడివయసు ఆడమనిషి ఆకులు ఊడుస్తోంది. నేను చెయ్యి ఊపితే ఆమే పలకరించింది, ఎక్కడినుంచి అని. ఇండియా అన్నాను. చీవర్ పేరు చెప్పగానే "మా నాన్నకు తెలుసు ఆయన, కుక్కలతో వెళ్ళేవాడట" అంది. ఇంకేమైనా చెబుతుందేమోనని ఆగాను. నవ్వి, మళ్ళీ చీపురందుకుంది.

1970ల మొదట్లో చీవర్ సింగ్ సింగ్ జైల్లో ఖైదీలకు రాయడం నేర్పాడు. ఆ అనుభవం ఆయన తర్వాతి జైలు నవలలోకి వెళ్ళింది. పచ్చిక బయళ్ళ కథకుడు అని ముద్రవేసినవాళ్ళు ఈ సంగతి మర్చిపోతారు. తాళం పడ్డ తలుపు బయట నుంచి ఎలా ఉంటుందో రాసినవాడికి, లోపలి నుంచి ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

బుధవారం, లెవిట్‌టౌన్

లాంగ్ ఐలాండ్ రైల్లో హిక్స్‌విల్ దిగాను. దిగగానే ఇండియన్ కిరాణా షాపులు, చీరల షాపులు, దోసెల హోటళ్ళు. ఇడ్లీ తిని లెవిట్‌టౌన్‌కు కారు మాట్లాడుకున్నాను.

ఇక్కడ కథలు లేవు, ఇళ్ళున్నాయి. 1947లో లెవిట్ అండ్ సన్స్ కంపెనీ బంగాళాదుంపల పొలాల్లో కట్టడం మొదలుపెట్టి 1951కల్లా 17,447 ఇళ్ళు పూర్తిచేసింది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు ఇళ్ళు లేవు, కొత్త దంపతులు అత్తమామల ఇళ్ళలో, రేకుల షెడ్లలో తలదాచుకుంటున్నారు. లెవిట్ ఇల్లు కట్టే పనిని 27 అంచెలుగా విడగొట్టాడు. ఒక గుంపు కాంక్రీట్ పలక పోస్తుంది, ఒక గుంపు గోడలు నిలబెడుతుంది, ఒకడు తెల్ల రంగు మాత్రమే వేస్తాడు. జోరుగా ఉన్న రోజుల్లో రోజుకు ముప్పై ఇళ్ళు లేచేవి. 750 చదరపు అడుగుల ఇల్లు, నెలకు 60 డాలర్ల అద్దె. 1944 జీఐ బిల్లు పుణ్యాన మాజీ సైనికులకు డౌన్ పేమెంట్ లేకుండా లోన్లు దొరికాయి.

నాకు ఈ ఊరి మీద చిన్నచూపు లేదు. తల దాచుకోను ఇల్లు దొరకడం ఎంత పెద్ద విషయమో హౌసింగ్ బోర్డు ఇంటి కోసం ఏళ్ళకేళ్ళు ఎదురుచూసినవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. వీధుల్లో నడుస్తుంటే, ఒకే అచ్చులో పోసిన ఇళ్ళను డెబ్బై ఏళ్ళుగా మనుషులు ఎంతగా మార్చుకున్నారో కనిపిస్తుంది. పైన ఇంకో అంతస్తు, ముందు వరండా, పక్కకు గది. మొదటి ఇల్లు ఎలా ఉండేదో పోల్చుకోవాలంటే కష్టపడాలి. మొదట్లో కంచెలు వేయకూడదు, పచ్చిక వారం వారం కత్తిరించాలి, బట్టలారేసే తాడు కట్టకూడదు. అవి ఒప్పందంలోనే ఉండేవి.

ఒప్పందంలో ఇంకో నిబంధన కూడా ఉండేది. ఇంట్లో పని చేసేవాళ్ళు తప్ప, శ్వేతజాతికి చెందనివాళ్ళెవరూ ఆ ఇంట్లో నివసించకూడదని పెద్దక్షరాల్లో రాశారు. అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని 1948లో సుప్రీంకోర్టు చెప్పాక కాగితం మీద ఆ మాట పోయింది, అలవాటు పోలేదు. 1957లో పెన్సిల్వేనియా లెవిట్‌టౌన్‌లో మయర్స్ అనే నల్లజాతి కుటుంబం ఇల్లు కొనుక్కుంటే, ఇరుగుపొరుగు రాత్రిళ్ళు గుంపులుగా చేరి కేకలేస్తూ రాళ్ళు విసిరారు. అడగని ఊళ్ళలో అది ఒక్కసారి అందరూ కలిసి గొంతెత్తిన సందర్భం. ఆ కుటుంబం భయపడి వెళ్ళిపోలేదు.

చీవర్ కథల్లో ఈ మనుషులు కనిపించరు. నల్లవాళ్ళు ఉంటే వంటగదిలోనో, కారు పక్కనో. లెవిట్‌టౌన్‌లో ఉండే ప్లంబరు, డెలివరీ డ్రైవరు కూడా కనిపించరు. సబర్బ్ సాహిత్యంగా మనం చదివేది ఎక్కువగా స్కార్‌బరో, ఆసినింగ్ ఉన్న వెస్ట్‌చెస్టర్ ప్రాంతం నుంచి, కనెక్టికట్ నుంచి వచ్చింది. అది ఆ కథలకు లోటే. అయితే చీవర్ ఆ లోటును తెలియకుండానే చూపిస్తాడు. ఎవర్ని బయట పెట్టారో చెప్పకపోయినా, బయట పెట్టే పద్ధతి ఎలా పనిచేస్తుందో నెడ్డీ మెరిల్‌తో చూపించాడు. ఆ పద్ధతి చివరికి లోపలివాడి మీదికే తిరుగుతుంది.

ఇంకో సంగతి హిక్స్‌విల్‌కు తిరిగి వచ్చేటప్పుడు తట్టింది. "ది స్విమ్మర్" 1964లో వచ్చింది. ఆ మరుసటి ఏడాది, 1965లో, అమెరికా వలస చట్టం మారింది. దేశాలవారీ కోటాలు పోయాయి. ఆ చట్టంతోనే మన డాక్టర్లు, ఇంజినీర్లు ఇక్కడికి రావడం మొదలైంది. నెడ్డీ తాళం పడ్డ తలుపు కొడుతున్న కాలానికి, మనవాళ్ళు ఆ వీధుల్లోకి రావడానికి మధ్య దూరం చాలా తక్కువ. వాళ్ళు వచ్చింది అమెరికా కల కొత్తగా ఉన్నప్పుడు కాదు, అందులో ఉన్నవాళ్ళే దాన్ని అనుమానించి రాయడం మొదలుపెట్టాక.

గురువారం, కింగ్‌స్టన్

మెట్రోపార్క్ స్టేషన్‌లో తమ్ముడు ఆమ్‌ట్రాక్ రైలెక్కించాడు. "అక్కా, బోస్టన్ వెళ్ళేవాళ్ళెవరూ రోడ్ ఐలాండ్‌లో ఊరికే దిగరు" అన్నాడు. నేను ఊరికే దిగలేదు.

కింగ్‌స్టన్ స్టేషన్ 1875 నాటి చెక్క కట్టడం. రచయిత్రి ఝుంపా లాహిరి ఈ ప్రాంతంలోనే పెరిగింది. వాళ్ళ నాన్న ఇక్కడి యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేశాడు. ఆమె మొదటి కథల పుస్తకం 1999లో వచ్చింది, మరుసటేడు పులిట్జర్ అందుకుంది. అందులో "మిసెస్ సేన్స్" కథ పేరు చెప్పని ఒక సముద్రతీరపు యూనివర్సిటీ ఊళ్ళో జరుగుతుంది.

లెక్కల ప్రొఫెసర్ భార్య మిసెస్ సేన్. పదకొండేళ్ళ ఎలియట్ అనే అమెరికన్ పిల్లవాణ్ణి బడి అయ్యాక తనింట్లో చూసుకుంటుంది. ఆమె కూరలు తరిగేది కత్తిపీట మీద. ఈ కథ క్లాసులో చెప్పినప్పుడు ఆ వర్ణన దగ్గర పిల్లలు ఒక్కసారి తలలెత్తేవాళ్ళు. అప్పటిదాకా అమెరికా కథ, అక్కడినుంచి వాళ్ళ అమ్మమ్మ కథ. పెళ్ళికి ముందు రాత్రి వీధి ఆడవాళ్ళంతా కత్తిపీటలు తెచ్చుకుని, మాట్లాడుకుంటూ, నవ్వుకుంటూ యాభై కిలోల కూరలు తరిగేవాళ్ళని ఆమె ఆ పిల్లవాడికి చెబుతుంది. ఇక్కడి నిశ్శబ్దంలో నిద్ర పట్టదంటుంది. తర్వాత అడుగుతుంది: నేనిప్పుడు గొంతు చించుకుని అరిస్తే ఎవరైనా వస్తారా? వాడు ఆలోచిస్తాడు. ఫోన్ చేస్తారేమో, అయితే గొడవ చేస్తున్నారని కంప్లయింట్ చేయడానికే కావచ్చు అంటాడు.

పిల్లవాడు అబద్ధం చెప్పడు. పెద్దవాళ్ళ ఊరి నియమం వాడికి అప్పటికే వచ్చేసింది. ఎలియట్ తల్లి కూడా ఒంటరిదే. ఆఫీసు నుంచి వచ్చి వైన్ తాగి, బయటినుంచి తెచ్చిన పిజ్జా తింటుంది. పొరుగింట్లో పార్టీ జరిగితే వీళ్ళను పిలవరు. ఆమె ఫోన్ చేసి చప్పుడు తగ్గించమంటుంది. లాహిరి ఒక్క మిసెస్ సేన్‌నే చూసి జాలిపడితే ఇది వలస కథగా మిగిలేది. చీవర్ ఊళ్ళో పుట్టినవాళ్ళకూ, కలకత్తా నుంచి వచ్చినవాళ్ళకూ ఒకే గోడ అడ్డుగా ఉందని చూపించింది.

యూనివర్సిటీ దాకా వెళ్ళి, పాత రాతి భవనాల మధ్య కాసేపు నడిచాను. పెద్దగా చెప్పుకోవడానికేం లేదు. సాయంత్రం రైల్లో బోస్టన్.

శుక్రవారం, ఇప్‌స్విచ్

నార్త్ స్టేషన్ నుంచి దాదాపు గంట. చివర్లో పట్టాల పక్కన ఉప్పుగడ్డి మైదానాలు, వాటిలో మెలికలు తిరిగే పాయలు. ఇప్‌స్విచ్‌లో పదిహేడో శతాబ్దపు చెక్క ఇళ్ళు ఇంకా జనం కాపురముంటూ నిలబడి ఉన్నాయి, గోడల మీద కట్టిన ఏడాది రాసిన పలకలతో. జాన్ అప్‌డైక్ 1957 నుంచి 1974 దాకా ఈ ఊళ్ళో ఉన్నాడు. ఊరి మధ్యలో ఒక హోటల్ పైన గది అద్దెకు తీసుకుని రోజూ అక్కడికెళ్ళి రాసేవాడు.

1961లో వచ్చిన "ఏ అండ్ పీ" కథ బోస్టన్‌కు ఉత్తరాన ఇలాంటి ఊరి సూపర్ మార్కెట్‌లో నడుస్తుంది. ఈత దుస్తుల్లో వచ్చిన ముగ్గురు అమ్మాయిల్ని మేనేజరు అందరి ముందూ మందలిస్తాడు. కౌంటర్ దగ్గరి కుర్రాడు శామీ ఉద్యోగం వదిలేసి బయటికి నడుస్తాడు. అమ్మాయిలు అప్పటికే వెళ్ళిపోయారు. ఏ అండ్ పీ అనే ఆ కంపెనీ దుకాణాలు 2015లో దేశమంతా మూతపడ్డాయి. కథ బాగుంటుంది కానీ, నేను వచ్చింది దాని కోసం కాదు.

నేను వచ్చింది "సెపరేటింగ్" కోసం. 1975 నాటి కథ. రిచర్డ్, జోన్ మేపుల్ విడిపోవాలని నిర్ణయించుకున్నారు. నలుగురు పిల్లలకు ఎలా చెప్పాలో ముందే ప్లాన్ వేసుకున్నారు, ఒక్కొక్కరికి విడివిడిగా అని. ఆ పగలంతా రిచర్డ్ వరండా తలుపుకు కొత్త తాళం బిగిస్తుంటాడు. ఇక తాను ఉండబోని ఇంటికి తాళం. రాత్రి లాబ్‌స్టర్లు, షాంపేన్‌తో భోజనం. తినడం మొదలవగానే అతని కళ్ళవెంట నీళ్ళు ఆగవు. బల్ల చుట్టూ పిల్లలు చూస్తారు. నాన్న ఎందుకేడుస్తున్నాడని ఒకరినొకరు అడుగుతారు. ప్లాన్ చెదిరిపోతుంది.

పెద్దకొడుకు డికీ ఆ రాత్రి బోస్టన్‌లో పాటల కచేరీకి వెళ్ళాడు. అర్ధరాత్రి రైలుకు తండ్రి స్టేషన్‌కు వెళ్ళి కారులో చెబుతాడు. పిల్లవాడు బాగానే తట్టుకున్నట్టు కనిపిస్తాడు. ఇంటికొచ్చాక తన గదిలో పడుకుని, తండ్రి వంగితే ముద్దు పెట్టి, చెవిలో ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాడు. ఎందుకు? తండ్రికి జవాబు లేదు. ఎందుకో అతను మర్చిపోయాడు.

ఇప్‌స్విచ్ స్టేషన్ బెంచీ మీద కూర్చుని ఆ చివరి పేజీ చదివాను. అప్‌డైక్ ఈ ప్లాట్‌ఫాం మనసులో పెట్టుకునే రాసి ఉంటాడని నా నమ్మకం. చీవర్ మనుషులకు కనీసం ఎవరూ అడగలేదన్న దిక్కుంది. ఇక్కడ అడిగేవాడు వచ్చాడు, కన్న కొడుకే. ఇన్నేళ్ళుగా అడగనివ్వకుండా బతికిన ఇంట్లో, అడిగే సమయానికి చెప్పడానికి మాటే మిగల్లేదు. చీవర్ కంటే అప్‌డైక్ ఒక అడుగు ముందుకు వేసింది ఇక్కడ అని నేననుకుంటాను. అందంగా రాస్తాడు గానీ లోతు లేదనేవాళ్ళు ఆ ఒక్క పేజీ మళ్ళీ చదవాలి.

శనివారం, ఎడిసన్

మరదలు సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తుంది. నేను తిరుగుతున్న రోజుల్లో తనూ చీవర్ పుస్తకం ఇంకో కాపీ లైబ్రరీ నుంచి తెచ్చి చదివిందట. రాత్రి గిన్నెలు సర్దాక, నా మాటలన్నీ విని అంది:

"వదినా, ఎవరూ అడగలేదంటారు కదా. స్విమ్మర్‌లో ఆ హాలరన్ గారి భార్య అడిగింది."

నిజమే. హాలరన్ దంపతులు ముసలివాళ్ళు, తమ పూల్‌లో ఈత దుస్తులు కూడా వేసుకోరు, ఈ దంపతులు కమ్యూనిస్టులేమోనని ఊళ్ళోవాళ్ళ అనుమానం. నెడ్డీతో ఆ ముసలామె, మీ కష్టాల సంగతి విని చాలా బాధపడ్డాం అంటుంది. ఇల్లమ్మేశారని, పిల్లల సంగతి కూడా విన్నామని. ఇల్లు అమ్మినట్టు నాకు గుర్తులేదే, పిల్లలు ఇంట్లోనే ఉన్నారు అంటాడు నెడ్డీ. ఆమె నిట్టూరుస్తుంది.

"అడిగినా చెప్పరు వదినా" అంది మరదలు. తెలిసినవాళ్ళలో ఒకతనికి పోయినేడు లేఆఫ్ అయింది. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్ళకు ఉద్యోగం పోతే మామూలుగా అరవై రోజులే గడువు, ఈలోపు ఇంకో ఉద్యోగమైనా దొరకాలి, దేశమైనా వదలాలి. అతను నెల రోజులు రోజూ లాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని ఇంట్లోంచి బయటికి పోయేవాడు. భార్యకు కూడా చెప్పలేదు. కమ్యూనిటీ పార్టీల్లో అందరితో నవ్వుతూనే ఉన్నాడు. ఇండియాలో అత్తమామలకు తెలుస్తుందని టెన్షన్.

"చీవర్‌లో ఇదే కథ ఉంది" అని "ది హౌస్‌బ్రేకర్ ఆఫ్ షేడీ హిల్" తీసి ఇచ్చాను, 1956 నాటిది. ఉద్యోగం పోయిన జానీ హేక్, భార్యకు చెప్పకుండా రోజూ సిటీకి వెళ్ళొస్తూ, ఒక రాత్రి పొరుగింట్లో దూరి పర్సులోంచి 900 డాలర్లు దొంగిలిస్తాడు. మరదలు అక్కడే సోఫాలో కూర్చుని గబగబా చదివేసింది. చదివి కోపం తెచ్చుకుంది.

"చివర్లో పాత కంపెనీ ఉద్యోగం మళ్ళీ ఇచ్చేసింది! అది ఎవరికి జరుగుతుంది?"

"ఉద్యోగం రాకముందే హేక్ మారాడు" అన్నాను. ఇంకో ఇంటికి దొంగతనానికి వెళుతుంటే వాన పడుతుంది, ఆ తడికే వెనక్కి తిరిగి వస్తాడు.

"డబ్బు తిరిగి పెట్టింది మాత్రం జీతం అడ్వాన్సు వచ్చాకే కదా?"

దానికి నేనేమీ అనలేదు, ఎందుకంటే కథలో ఉన్నది అదే. తను ఆ పేజీ మళ్ళీ తిప్పి, డబ్బు కవరు పొరుగింటి వంటింట్లో పెట్టి చీకట్లో బయటికి వస్తున్న హేక్ దగ్గర ఆగింది. రోడ్డు మీద పోలీసు కారు. ఈ వేళప్పుడు ఏం చేస్తున్నారు మిస్టర్ హేక్ అని తెలిసిన పోలీసే అడుగుతాడు. కుక్కను తిప్పుతున్నాను అంటాడు హేక్. అక్కడ కుక్కే లేదు. వాళ్ళూ చూడరు.

"ఇది చూడండి" అంది మరదలు, వేలు ఆ వాక్యం మీద పెట్టి. "అడిగాడు, చెప్పాడు, ఇద్దరికీ సరిపోయింది. మా వీధిలో రోజూ ఇదే."

తమ్ముడు లోపలినుంచి వచ్చి ఆ కథేంటో తనకూ చెప్పమన్నాడు. మరదలు మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది, నాకంటే బాగా.